పొడుగు నొగ ట్రైలరు, గ్లెనిస్ పంతం

ఈస్టర్ శనివారం మా కూంగా బే ర్యాంపు దగ్గర మంచి చోటు కావాలంటే పొద్దున్న ఏడింటికల్లా మడతకుర్చీ వేసేసుకోవాలి. జనం వచ్చేది పడవల్ని చూడటానికి కాదు, వాటిని నీళ్ళలోకి దించేవాళ్ళ అవస్థ చూడటానికి. కారు వెనక ట్రైలరు, ట్రైలరు మీద పడవ. ఈ మొత్తాన్నీ ఏటవాలు సిమెంటు మీదుగా వెనక్కి వెనక్కి నడుపుతూ సముద్రంలో దింపాలి. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలరు ఎడమకి పోతుంది. మొగుడు కారులో, పెళ్ళాం నడుంలోతు నీళ్ళలో. "ఎడమకి! నీ ఎడమకి కాదయ్యా, నా ఎడమకి!" అని ఆవిడ అరుపులు, "నీ ఎడమేదో నాకెలా తెలుస్తుందే!" అని ఈయన కేకలు. ఇంతకు మించిన వినోదం మా ఊళ్ళో లేదు. ర్యాంపు పక్కన నా ఎర కొట్టు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. అక్కడ ఎన్ని కాపురాలు కూలబోయి ఆగాయో నన్నడగండి, చెప్తాను.

కానీ ఆ శనివారం నాకు నవ్వు రాలేదు. ఎరకి గుల్లలు పొట్లం కడుతూ రెండుసార్లు లెక్క తప్పాను. ఎందుకంటే వరసలో ఏడో బండి గ్లెనిస్‌ది. గ్లెనిస్ నా స్నేహితురాలు. అరవై ఆరేళ్ళ మనిషి. పెళ్ళయిన నలభై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా ట్రైలరుని వెనక్కి నడిపిన పాపాన పోలేదు. ఈరోజు ఊరందరి ముందూ తన చేత్తో పడవ దించాలి. ఇంకొకళ్ళు స్టీరింగు ముట్టుకున్నారా, ఓడినట్టే. ఓడితే సాయంత్రానికల్లా ఆ పడవ డారిల్ హిక్స్ పెరట్లో ఉంటుంది. ఆ మాట ఇచ్చింది ఎవరో కాదు, గ్లెనిసే.

అసలీ గొడవంతా ఒక చక్రంతో మొదలైంది.

గ్లెనిస్ మొగుడు లయల్. మంచివాడే, నోరే కొంచెం పెద్దది. ట్రైలరుని వెనక్కి పోనివ్వడంలో మాత్రం ఆయన్ని మించినవాడు ఈ తీరంలో లేడు. ఒక చెయ్యి కిటికీ మీద, నోట్లో మాంసం కూరిన పాస్టీ ముక్క, అద్దంలోకి ఒక్క చూపు, అంతే, సర్రున నీళ్ళలోకి. ఆ గీర కూడా అంతే ఉండేది. నీళ్ళలో నిలబడి పడవ అడుగున బిరడా బిగించడం, పట్టీలు విప్పడం, తాడు పట్టుకోవడం గ్లెనిస్ వంతు. చలికాలంలో కూడా ఆవిడే నీళ్ళలో. ఒడ్డుకొచ్చాక ట్రైలరుని మంచినీళ్ళతో కడగాల్సింది లయల్. "రేపు కడుగుదాంలే" అనేవాడు. ఉప్పునీళ్ళు రేపటిదాకా ఆగుతాయా? పద్దెనిమిదేళ్ళు అలా ఆగాక, కిందటి అక్టోబరులో చేపలు పట్టుకుని ఇంటికొస్తుంటే, కారు పక్కనుంచి ఏదో దూసుకుంటూ ముందుకి పోయింది.

"కంగారూ! కంగారూ అడ్డమొచ్చింది!" అని లయల్ బ్రేకు తొక్కాడు.

"కంగారూ కాదు, మన చక్రం," అంది గ్లెనిస్.

చక్రం గోధుమ చేలో పడి అర కిలోమీటరు పరుగెత్తింది. వెనక ట్రైలరు రోడ్డుని గీకుతూ నిప్పులు కక్కింది. బేరింగు పొడిపొడి. బరువు మోసే కమాన్ పట్టీలు చేత్తో విరిస్తే విరిగేలా తుప్పు. అదంతా ఒక ఎత్తు. కళ్ళ ముందు దొర్లే చక్రాన్ని కంగారూ అనుకున్నాడే, అదీ గ్లెనిస్‌ని హడలగొట్టింది. మర్నాడే డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. రెండు కళ్ళలోనూ నడిమి చూపు పోతోందన్నారు. అంచుల్లో మసకమసకగా కనిపిస్తుంది, ఎదురుగా ఉన్నది కనిపించదు. ఆ వారమే డ్రైవింగు లైసెన్సు తీసేసుకున్నారు.

అంత నోరున్న మనిషి ముడుచుకుపోయాడు. షెడ్డులో రేడియో పెట్టుకుని కూర్చునేవాడు. నా కొట్టు వైపు రావడమే మానేశాడు. ఆ సందు చూసుకుని డారిల్ వచ్చాడు. డారిల్ ట్రాక్టర్లు బాగుచేస్తాడు. చెడ్డవాడు కాదు, ఆ పడవంటే ముందునుంచీ ప్రాణం. "లయల్ అన్నా, ఊరికే షెడ్డులో పడుంటే పాడైపోతుంది, నాకిచ్చెయ్యి" అన్నాడు. లయల్ తలూపేశాడు.

కాఫీ కప్పులు కడుగుతున్న గ్లెనిస్ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. "పడవ ఎక్కడికీ పోదు. నేను దించుతా."

లయల్ నవ్వాడు. నెలరోజుల తర్వాత మొదటిసారి నవ్వడం, అదీ దీనికి. "నువ్వా? రివర్సా? చెత్తడబ్బాని కూడా వెనక్కి లాక్కెళ్ళలేవు నువ్వు!"

ఆ నవ్వుతో ఆవిడకి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఈస్టర్ శనివారం, ర్యాంపు మీద, అందరి ముందూ దించుతా. దించలేకపోతే నేనే తీసుకెళ్ళి డారిల్‌కి అప్పగిస్తా. చాలా?"

నాకు తెలిశాక తిట్టాను. "బుద్ధుందా నీకు? ఏ మంగళవారమో దించుకోవచ్చుగా, కుక్క కూడా ఉండదు అక్కడ!"

గ్లెనిస్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. "ఎవరూ లేనప్పుడు దించితే ఆయన నమ్మడు కోరల్. కనపడదు కదా. నలుగురూ చూసి చెప్తేనే నమ్ముతాడు."

తిట్టడం మాని సాయానికి దిగాను.

మొదట కొత్త ట్రైలరు కావాలి. పక్క ఊళ్ళో ట్రైలర్లు అమ్మే యార్డుకి ముగ్గురం వెళ్ళాం. అక్కడి కుర్రమేనేజరు గ్లెనిస్‌ని చూడనే లేదు. లయల్‌ని భుజం మీద చెయ్యేసి తీసుకెళ్ళి ఒక పొట్టి ట్రైలరు ముందు నిలబెట్టాడు. "మీ పడవకి సరిగ్గా సరిపోతుంది సార్. తేలిక. షెడ్డులో ఇట్టే పట్టేస్తుంది. చూడండి, ఎంత బావుందో!"

"చాలా బావుంది," అన్నాడు లయల్, ట్రైలరుకి మూరెడు పక్కన ఉన్న గడ్డిని చూస్తూ.

గ్లెనిస్ ఈలోగా సంచీలోంచి కొలత టేపు తీసింది. కారుకి తగిలించే కొక్కెం నుంచి ఇరుసు దాకా కొలిచింది. పెదవి విరిచింది. పక్కదాన్ని కొలిచింది. ఆ పక్కదాన్నీ. మేనేజరు వెంటపడ్డాడు. "మేడమ్, కొలతలన్నీ కాయితం మీద ఉన్నాయి."

"నేను కొలిచేది కాయితం మీద లేదు నాయనా," అంది. ఇరవై రెండు పంటకాలాలు గోధుమ లారీలు తూచే కాటా దగ్గర పనిచేసిన మనిషి ఆవిడ. లారీల్ని చూసీ చూసీ ఒక సంగతి పట్టేసింది. నాలుగు బస్తాలు తెచ్చే బుల్లి ట్రైలర్లు వెనక్కి పోతూ చటుక్కున మడతపడతాయి, చూస్తుండగానే కారుకి అడ్డం తిరుగుతాయి. పెద్ద లారీల పొడుగు ట్రైలర్లు మాత్రం నింపాదిగా, చెప్పి మరీ తిరుగుతాయి. పొడుగు ఎంత ఉంటే తప్పు దిద్దుకోవడానికి అంత సమయం. ఎవరూ చెప్పలేదు ఆవిడకి. కాటా గది కిటికీలోంచి చూసి నేర్చుకుంది.

చిట్టచివర్లో ఒకటి దొరికింది. జింకు పూత నిండుగా పట్టిన ఇనుము, కారుకి తగిలే నొగ బారెడు పొడుగు ఎక్కువ, పడవ జారడానికి అడుగున రోలర్లు. గ్లెనిస్ దాని కిందకి దూరింది. నిజంగానే దూరింది, నేల మీద వెల్లకిలా పడుకుని. అతుకుల్లో నీళ్ళు నిలిచే సందులున్నాయేమోనని వేలు పెట్టి చూసింది. బయటికొచ్చి జుట్టులో గడ్డి దులుపుకుంటూ, "ఇది కావాలి. వెనక మూలల్లో రెండు నిలువు గొట్టాలు బిగించు, మనిషెత్తు. ఎర్రవి," అంది.

"అవెందుకు మేడమ్?"

"ఖాళీ ట్రైలరు ర్యాంపు దిగితే అద్దంలో కనపడి చావదు. ఆ రెండూ కనపడితే చాలు, మధ్యలోది మధ్యలోనే ఉంటుంది."

మేనేజరు చీటీ తీసి రాసుకున్నాడు. ఆ తర్వాత లయల్‌తో ఒక్క మాట మాట్లాడితే ఒట్టు.

ఇంటికొస్తే ట్రైలరు షెడ్డులో పట్టలేదు! నొగ సరిగ్గా లయల్ బీరు ఫ్రిజ్జు ఉన్నచోటికి వచ్చింది. "నా ఫ్రిజ్జు ముట్టుకున్నావో..." అని ఆయన లేచాడు. మర్నాటికి ఫ్రిజ్జు వరండాలో ఉంది. అయిదున్నర గజాల పడవకి ఇంత పొడుగు ట్రైలరేమిటని ఊళ్ళో వాళ్ళు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ట్రైలరు కొన్నదా, రైలు కొన్నదా అని పబ్బులో ఒకటే గోల.

ఆవిడ మాత్రం దాన్ని పసిబిడ్డలా చూసుకుంది. బేరింగులకి తనే గ్రీజు కూరింది, మోచేతుల దాకా పూసుకుని. రోడ్డు మీద కాసేపు లాక్కెళ్ళి ఆపి, ప్రతి చక్రం నడిబొడ్డు మీదా అరచెయ్యి పెట్టేది, జ్వరం ఉందేమో చూసినట్టు. వెచ్చగా ఉంటే ఫరవాలేదు, చెయ్యి చురుక్కుమంటే విప్పాల్సిందే. ఉప్పునీళ్ళ వాసన తగలని ట్రైలరుని కూడా గొట్టం పెట్టి కడిగేది. "ఇంకా సముద్రం చూడలేదే అది!" అంటే, "అలవాటు అవ్వాలి," అనేది. ట్రైలరుకా తనకా అని నేనడగలేదు.

సాధన ఫుట్‌బాల్ మైదానంలో. నాలుగు ఖాళీ పీపాలు పెట్టి, వాటి మధ్యలోకి వెనక్కి పోవాలి. లయల్ పక్క సీట్లో. అదీ తప్పు.

"కుడికి! కుడికి తిప్పు! ఎక్కువైంది! ఇప్పుడెటు పోతోంది?"

"నీకెలా తెలుసు, కనపడదు కదా!"

"వినపడుతోందే! టైరు ఏడుస్తోంది! నలభై ఏళ్ళు చేశానే నేను!"

"నలభై ఏళ్ళు చేశావు, ఒక్కసారైనా నేర్పావా?"

మూడో రోజు ఆయన్ని మైదానం నట్టనడుమ దింపేసి వెళ్ళిపోయింది. నేనే నా బండిలో ఎక్కించుకొచ్చాను. ఆయన అంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. మా ఇంటి మలుపు దగ్గర మాత్రం గొంతు తగ్గించి, "నిజం చెప్పు కోరల్, వస్తోందా దానికి?" అన్నాడు.

"ఏడుసార్లకి ఒకసారి," అన్నాను. అబద్ధం. పదికి ఒకసారి.

గ్లెనిస్‌కి నేనొక్కటే చెప్పాను. స్టీరింగుని పైన పట్టుకోకు, అడుగున పట్టుకో. ట్రైలరు ఎటు పోవాలో చెయ్యి అటు జరుపు. బుర్ర వాడకు. మా నాన్న నాకు నేర్పిందంతే. ఆ వారం పదికి నాలుగొచ్చాయి.

ఇక ఆ శనివారం. గాలి లేదు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి, వైటింగు అనే చేపలు రెండు రోజులుగా తెగ పడుతున్నాయని ఎవరో పుకారు లేపారు. పదిహేడు బండ్లు వరసలో! కుర్చీలు ముప్ఫైకి పైనే. గ్లెనిస్ వెనక బండి ఎవరిదనుకున్నారు? డారిల్‌ది. చేతులు కట్టుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు.

ఆవిడ వంతు వచ్చింది. లయల్ ప్యాంటు మడిచి నీళ్ళలోకి దిగాడు. నలభై ఏళ్ళలో మొదటిసారి ఆ వైపు నిలబడ్డాడు మహానుభావుడు. కారు కదిలింది. సగం దూరం బాగానే వచ్చింది. "ఎడమకి! ఎడమకి గ్లెనిస్!" అని లయల్ అరిచాడు. ఆవిడ చెయ్యి తడబడింది. ట్రైలరు ర్యాంపు పక్క గోడ వైపు తిరిగిపోయింది.

"ముందుకెళ్ళి మళ్ళీ రా అక్కా!" "ఇటు తిప్పు!" "కాదు, అటు!" ముప్ఫై కుర్చీల్లోంచి ముప్ఫై సలహాలు. నాకు ఒళ్ళు మండి కొట్టు కిటికీలోంచి అరిచాను. "నోళ్ళు ముయ్యండర్రా! మీలో ఎంతమంది పోయినేడు జెట్టీని గుద్దారో పేర్లు చదవమంటారా?"

రెండోసారి. లయల్ ఇంకా గట్టిగా అరిచాడు. రెండోసారీ మడతపడింది. వరసలో హారన్లు మొదలయ్యాయి. డారిల్ మెల్లగా కారు కిటికీ దగ్గరికి వెళ్ళాడు. "అక్కా, ఎండెక్కుతోంది. నేను దించిపెట్టనా? ఎవరూ ఏమనుకోరు."

నేను కొట్టు కిటికీలోంచి సగం బయటికి వంగాను. తలుపు తెరుచుకుంది. గ్లెనిస్ దిగింది. అయిపోయింది, తాళం ఇచ్చేస్తోంది అనుకున్నాను. ఆవిడ డారిల్‌ని దాటుకుని తిన్నగా నీళ్ళ దాకా నడిచింది.

"లయల్, పడవెక్కు."

"ఏంటి?"

"పడవెక్కి కూర్చో. ఇప్పుడే."

"నువ్వు రివర్సు చేస్తుంటే నేను పడవలోనా? చంపేద్దామనే?"

"భయమా?"

ఒక్కళ్ళూ నవ్వలేదు. లయల్ ట్రైలరు ఇనుము తడుముకుంటూ, రోలరు మీద కాలు పెట్టి పడవెక్కాడు. రెండు చేతులతో అంచులు పట్టుకుని కూర్చున్నాడు. పెదవులు బిగించేశాడు. గ్లెనిస్ కిటికీ అద్దాలు నాలుగూ పైకెత్తేసింది. ఇక ఎవరి సలహా లోపలికి పోదు.

మూడోసారి. రెండు ఎర్ర గొట్టాలూ నిటారుగా, మెల్లగా, ర్యాంపు నడిమధ్యగా దిగుతూ వచ్చాయి. కొంచెం పక్కకి ఒరిగింది. అమ్మో అనుకున్నా. ఆగింది. సర్దుకుంది. ఆ పొడుగు నొగ చెప్పి మరీ తిరిగింది! చక్రాలు నీళ్ళలో మునిగాయి. నేను కొట్టు వదిలేసి ఉరికాను, నీళ్ళలోకి దూకి పట్టీ విప్పాను, తాడు పట్టుకున్నాను. పడవ తేలింది! కుర్చీలన్నీ లేచి నిలబడ్డాయి, ఈలలు, కేకలు, చప్పట్లు! నేను ఏడ్చేశాను, దాపరికమెందుకు.

"కోరల్," అన్నాడు లయల్ పడవలోంచి. "నా కాళ్ళకి చల్లగా తగులుతోందేమిటి?"

చూద్దును కదా, పడవలో చీలమండ లోతు నీళ్ళు.

"బిరడా!" అని నేను అరిచిన అరుపు జెట్టీ చివరిదాకా వినపడి ఉంటుంది. పడవ వెనక అడుగున నీళ్ళు పోయే బెజ్జానికి బిరడా బిగించడం నలభై ఒక్క ఏళ్ళుగా గ్లెనిస్ పని. ఈరోజు ఆవిడ డ్రైవరు కదా! నీళ్ళలో ఉన్నవాళ్ళ పని కదా అని ఆవిడ, గ్లెనిస్ పని కదా అని ఆయన. బిరడా ఎక్కడుంది? ఆవిడ నిక్కరు జేబులో!

ఇక చూడాలి ఆ హడావిడి. నేను పట్టీ తగిలించాను, డారిల్ తన వరస సంగతే మరిచిపోయి నీళ్ళలోకి దూకి పట్టీ చుట్టే చక్రం తిప్పి పడవని ట్రైలరు మీదకి లాగాడు. గ్లెనిస్ కారుని పైకి ఉరికించింది. వెనక బెజ్జంలోంచి నీళ్ళు ధారగా కారాయి. జనం పడీపడీ నవ్వుతున్నారు. గ్లెనిస్ దిగి, తిట్టుకుంటూ, బిరడా లయల్ చేతిలో పెట్టింది. ఆయన పడవలోంచి దిగలేదు. నీళ్ళన్నీ పోయాక వెనక అంచు మీంచి బోర్లా వంగి, వేళ్ళతో బెజ్జం వెతికి, బిగించేశాడు. దానికి కళ్ళతో పనేముంది!

ఆవిడ కారెక్కింది. కోపంతో మొహం కందగడ్డలా ఉంది. నా అరుపుకి దించిన కిటికీలు మళ్ళీ ఎత్తడం కూడా మరిచిపోయింది. జనం ఇంకా బిరడా గురించి మాట్లాడుకుంటున్నారు, ఎవరూ ర్యాంపు వైపు చూడటంలేదు. నేను మాత్రం తాడు పట్టుకుని నిలబడి చూశాను. కారు ఆగలేదు, తడబడలేదు. ఒక్క ఊపులో, తిన్నగా, ట్రైలరు వచ్చి నీళ్ళలో నిలిచింది. పట్టీ విప్పాను. పడవ తేలింది.

"ఏం గ్లెనిస్, బయల్దేరవా ఇంక?" అని లయల్ అరిచాడు. "ఎంతసేపు పైన కూర్చోమంటావు?"

ఆవిడ కిటికీలోంచి తల బయటపెట్టింది. "పైనేంటి? నువ్వు నీళ్ళలో ఉన్నావు."

లయల్ చెయ్యి పడవ అంచు దాటించి కిందకి చాపాడు. వేళ్ళకి నీళ్ళు తగిలాయి. అలాగే ఉంచాడు కాసేపు.

"ఎప్పుడు దించావు?" అన్నాడు.

"ఇప్పుడే."

"నాకు తెలియనే లేదే."

నలుగురూ చూసి చెప్పాలనుకుంది గ్లెనిస్. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. ఆవిడ కారుని పైకి తీసుకెళ్ళిపోయింది. ఖాళీ ట్రైలరు గలగలలాడుతూ వెనకే వెళ్ళింది. డారిల్ మోకాళ్ళ దాకా తడిసి నా పక్కన నిలబడి, "ఆ పొడుగు ట్రైలరు ఎక్కడ కొన్నారో అడగాలి," అన్నాడు.

కారు నిలిపి ఆవిడ తిరిగొచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. ఆలోగా పడవని తాడుతో జెట్టీ మెట్ల దగ్గరికి లాగి పట్టుకుని నేను చూస్తూనే ఉన్నాను. లయల్ లేచాడు. పడవలో స్టీరింగు ముందున్న సీటు ఆయనది, అందులో ఇంకెవరూ కూర్చుని నేను చూడలేదు. దాన్ని చేత్తో ఒకసారి తడిమాడు. పక్కకి జరిగి, గ్లెనిస్ కూర్చునే ముందు బల్ల మీద కూర్చున్నాడు.

గ్లెనిస్ జెట్టీ మెట్ల మీదకొచ్చి ఆగిపోయింది. ఖాళీ సీటునే చూస్తోంది. పడవ దించడం గురించే ఆలోచించింది తప్ప, దించాక ఎవరు నడుపుతారో అనుకోనే లేదు కాబోలు. ఆ సంగతి లయల్ ముందే అనుకున్నాడు.

"చూస్తావేం, ఎక్కు," అన్నాడు. "నడుపు. చేపలెక్కడున్నాయో నేను చెప్తా."

"చెప్తావులే, చెప్పకుండా ఉంటావా," అంది గ్లెనిస్. ఎక్కి ఆ సీట్లో కూర్చుంది.

తాడు విసిరేశాను. ఇంజను అందుకుంది. గాలి లేని రోజు నీళ్ళ మీద మాట చాలా దూరం వస్తుంది. వాళ్ళు జెట్టీ దాటి చాలాసేపయ్యాక కూడా వినపడుతూనే ఉంది.

"పబ్బు ఎర్ర పైకప్పు కనపడుతోందా?"

"కనపడుతోంది."

"దాని వెనకే నీళ్ళ ట్యాంకు?"

"ఇంకా కొంచెం ఎడంగా ఉంది."

"రెండూ ఒక్క వరసలోకి రానీ, చేపలు అక్కడే. వచ్చాక చెప్పు."

"చెప్తాను."